జవాబు రాని ప్రశ్నకు పట్టిన కాలమెంత?

పామర్రు కూడలిలో బస్సెక్కి ఒక రైతు ఏదో కాగితము కొరకు జిల్లా కేంద్రమైన బందరుకు పోయినాడనుకొందము. కాగితము చేతికి వచ్చినచో సాయంత్రము ఇంటికి తిరిగివచ్చి, "పని అయింది గాని రోజంతా పట్టింది" అని చెప్పును. కాగితము రాలేదనుకొందము. అప్పుడును రోజు గడచినది, చార్జీలు ఖర్చయినవి, పొలములో పని ఆగినది. పని నెరవేరలేదు గనుక ఆ రోజు లెక్కలోనికి రాదని ఎవరైన అన్నచో ఇంటిల్లిపాదియు నవ్వుదురు. కృష్ణ కాలువల క్రింద సేద్యము చేయువారికి ఇది మరింత బాగుగా తెలియును. పండిన చేనికి పారిన నీటిని లెక్కించినట్లే, ఎండిపోయిన చేనికి పారిన నీటిని కూడ లెక్కింపవలెను. పంట రాలేదని ఆ నీరు కాలువలోనికి తిరిగి రాదు.

మనుష్యుల వ్యవహారములో ఇంత తేటగా కనబడు ఈ సంగతి, కంప్యూటరు ఉపకరణములను వ్రాయునప్పుడు తరచుగా మరుగున పడుచుండును. పని నెరవేరినచో ఉపకరణము ఫలితమును చూపి, దానికి ఎంత కాలము పట్టినదో కూడ చెప్పును. పని విఫలమైనచో "తప్పు" అని మాత్రము చెప్పి ఊరకుండును. విఫలమైన పనికి పట్టిన కాలమును చెప్పుట ఎందుకు అవసరము? ఆ కాలము వలన మనకేమి తెలియును? డేటాబేస్ ప్రశ్నలను ఉదాహరణముగా తీసికొని ఈ విషయమును పరిశీలింతము.

డేటాబేస్, ప్రశ్న అనగా నేమి?

పాఠశాలలోని హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు, ఫీజుల పుస్తకము మనకందరకు పరిచితములే. ఇట్టి పట్టికలను కంప్యూటరులో ఒక క్రమమున భద్రపరచి, కోరినప్పుడు కోరిన వివరమును తీసి యిచ్చు ఏర్పాటును డేటాబేస్ అందురు. 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు, సమాచారమునంతను పట్టికల రూపమున అమర్చు పద్ధతిని ఒక ప్రసిద్ధ వ్యాసములో ప్రతిపాదించెను. ఆ పద్ధతిని అనుసరించి పుట్టినదే ఎస్.క్యు.ఎల్. అను ప్రశ్నల భాష. "పదవ తరగతిలో గణితమున 90కి మించి మార్కులు వచ్చిన వారి పేర్లు చూపుము" అనునట్టి కోరికను ఆ భాషలో వ్రాసి పంపినచో డేటాబేస్ జవాబిచ్చును. ఇట్లు పంపు కోరికనే క్వెరీ, లేక ప్రశ్న, అందుము.

ఇది ప్రయోగశాలలకు మాత్రమే పరిమితమైన విషయము కాదు. రైల్వే టిక్కెట్ల రిజర్వేషను కొరకు రూపొందించిన కాన్సర్ట్ అను కంప్యూటరు వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాదులోనే అమలులోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రిజిస్ట్రేషన్లను కంప్యూటరులో నడుపు కార్డ్ అను పథకము 1998 నవంబరులో ఆరంభమైనది. కౌంటరు వద్ద నిలుచున్న మనిషి అడుగు ప్రతి వివరమును చివరకు ఏదో ఒక డేటాబేస్‌కు పోవు ప్రశ్నయే. జవాబు రాకపోయినచో ఆ మనిషి నిలుచున్న కాలము వృథాయగును. కావున విఫలమైన ప్రశ్న యొక్క కాలము యంత్రమునకు సంబంధించినది మాత్రమే కాదు. మనుష్యులకు సంబంధించినది కూడ.

కమాండ్ లైన్ ఉపకరణము

డేటాబేస్‌తో మాటలాడుటకు బొమ్మలు, బొత్తాములు గల తెరలున్నవి. కాని పనివారును, విద్యార్థులును ఎక్కువగా వాడునది కమాండ్ లైన్ ఉపకరణము. నల్లని తెర మీద ఒక పంక్తిలో ప్రశ్నను టైపు చేసి ఎంటర్ నొక్కినచో, దాని క్రిందనే జవాబు అక్షరములలో వచ్చును. ఉచితముగా దొరకు మూడు ప్రసిద్ధ డేటాబేస్‌లకు ఇట్టి ఉపకరణములు గలవు. పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్.కు పి.ఎస్.క్యు.ఎల్. అను ఉపకరణమున్నది. మై ఎస్.క్యు.ఎల్.కు ఆ పేరుతోనే ఒకటి యున్నది. 2000లో రిచర్డ్ హిప్ వెలువరించిన ఎస్.క్యు.ఎల్.లైట్‌కు కూడ దానితో పాటు ఒక ఉపకరణము వచ్చును.

ఈ ఉపకరణములు కాలమును కొలుచు విధానము చాల సులభము. ప్రశ్నను పంపుటకు ముందు గడియారము చూచి ఒక సంఖ్యను వ్రాసికొనును. జవాబు వచ్చిన వెంటనే మరల గడియారము చూచును. రెండవ సంఖ్య నుండి మొదటి దానిని తీసివేసినచో పట్టిన కాలము వచ్చును. పరుగు పందెములో వ్యాయామోపాధ్యాయుడు స్టాప్‌వాచి నొక్కునట్టి పనియే యిది.

ఇందులో చిక్కు ఎక్కడ వచ్చునో చూడుడు. ఉపకరణమును వ్రాయువాడు సాధారణముగా ఇట్లు ఆలోచించును: "జవాబు వచ్చినదా? వచ్చినచో పట్టికను చూపి, దాని క్రింద కాలమును అచ్చువేయుము. రాలేదా? తప్పును చూపి, తరువాతి ప్రశ్నకు పొమ్ము." కాలమును అచ్చువేయు పంక్తి మొదటి దారిలో మాత్రమే యున్నది. రెండవ దారిలో గడియారమును చూచుటయే జరుగదు, లేక చూచినను చెప్పుట జరుగదు. ఆ ఒక్క పంక్తిని రెండు దారులును మరల కలిసికొను చోటికి జరిపినచో సరిపోవును. దోషము ఇంత చిన్నది. దాని ఫలితము మాత్రము చిన్నది కాదు. ఇది నా అనుభవములోని సంగతి.

ఆరు తప్పుల రికార్డు

విద్యార్థుల అభ్యాసము కొరకు నేనే ఒక చిన్న ఉపకరణమును వ్రాసితిని. అది ప్రశ్నను తీసికొని డేటాబేస్‌కు పంపి, జవాబును, పట్టిన కాలమును చూపి, ఆ వివరములను ఒక రికార్డులో వ్రాయును. పైన చెప్పిన పొరపాటునే నేనును చేసితిని. విఫలమైన ప్రశ్నకు కాలము చూపలేదు.

ఒకనాడు ఒక విద్యార్థిని పెద్ద మార్కుల పట్టికలను రెండింటిని కలిపి ప్రతి విద్యార్థికిని శాతము కట్టు ప్రశ్న వ్రాసినది. శాతము కట్టవలెనన్న వచ్చిన మార్కులను గరిష్ఠ మార్కులచే భాగింపవలెను గదా! ప్రయోగశాల గంట ముగిసిన తరువాత రికార్డు చూచితిని. ఆ అమ్మాయి పేర ఆరు పంక్తులున్నవి. ఆరును తప్పులే. ఒక్కొక్క తప్పు క్షణములో వచ్చి యుండుననుకొని, "గంటసేపట్లో ఆరే ప్రశ్నలా? మిగతా సమయమంతా ఏం చేశావమ్మా?" అని మందలించితిని. ఆమె తలవంచుకొని, "చేస్తూనే ఉన్నాను మాస్టారూ" అని మాత్రమనెను.

మరునాడు నా మనస్సు ఊరకుండక, ఆ పంక్తిని సరియైన చోటికి జరిపి, ఆమె ప్రశ్ననే నేను పంపి చూచితిని. ఎనిమిది నిమిషములు గడచిన తరువాత, "సున్నతో భాగహారము" అను తప్పు వచ్చినది. ఆరుసార్లు ఎనిమిదేసి నిమిషములు; మొత్తము 48 నిమిషములు. ఆ గంటలో ఆమె వృథాగా కూర్చున్నది ఏమియు లేదు. కూర్చుండబెట్టినది నా ఉపకరణము. ఆమెను పిలిచి ఆ సంఖ్యను చూపితిని. "నేను స్పెల్లింగు తప్పేమో అనుకుని ప్రతిసారీ ప్రశ్నే మార్చానండీ" అన్నది.

ఇక్కడనే అసలు విషయమున్నది. కాలము తెలిసి యున్నచో ఆమె ప్రశ్నను మార్చియుండదు. అక్షర దోషముండినచో తప్పు క్షణములో రావలెను. ఎనిమిది నిమిషములు నడచి ఆగినదనిన ప్రశ్న రూపము సరిగానే యున్నది. లోపము పట్టికలోని ఏదో ఒక వరుసలో నున్నది. గరిష్ఠ మార్కులు సున్నగా నున్న వరుసలను మాత్రము చూపుమని ఒక చిన్న ప్రశ్న వేసినాము. జవాబు వెంటనే వచ్చినది. ఒక వరుసలో గరిష్ఠ మార్కుల చోట ఎవరో సున్న వ్రాసి యుండిరి.

వైఫల్యములన్నియు ఒక్క రీతివి కావు

వైద్యుడు జ్వరము ఉన్నదా లేదా అని మాత్రమే అడుగడు; ఎన్ని రోజుల నుండి యని కూడ అడుగును. ప్రశ్న విఫలమైనప్పుడు కాలము అట్టి ఆధారమునే ఇచ్చును. ప్రశ్న సర్వరును చేరిన పిమ్మట కొన్ని దశలను దాటవలసి యుండును. ఏ దశలో ఆగినదో దానిని బట్టి కాలము మారును.

మొదటి దశ వ్యాకరణ పరీక్ష. కామా తప్పినను, ఒక మాట అక్షరము మారినను ప్రశ్న ఇక్కడనే ఆగును. రెండవ దశలో పేర్లను పరీక్షించును. లేని పట్టికను, లేని నిలువు వరుసను అడిగినచో ఇక్కడ తిరస్కరింపబడును. ఈ రెండు దశలకును సాధారణముగా కొలది మిల్లీ సెకండులకు మించి పట్టదు. సెకండులో వెయ్యవ భాగము ఒక మిల్లీ సెకండు.

తరువాత ప్రశ్న నడచుట ఆరంభమగును. సున్నతో భాగహారము, సంఖ్య ఉండవలసిన చోట అక్షరములుండుట, ఒకే హాల్ టిక్కెట్టు సంఖ్య రెండుసార్లు వచ్చుట మొదలగు తప్పులు ఇక్కడ బయటపడును. చెడ్డ వరుస మొదటనే తగిలినచో తప్పు త్వరగా వచ్చును. చివరిలో నున్నచో పని యంతయు జరిగిన పిమ్మట వచ్చును. లక్ష వరుసలను ఒక్క ఆజ్ఞతో చేర్చునప్పుడు చివరి వరుసలో తప్పు దొరలినచో ముందు చేర్చిన వరుసలన్నియు రద్దగును. మై ఎస్.క్యు.ఎల్.లోని ఇన్నోడీబీ అను భాగము ఆ వరుసలను మరల వెనుకకు తీసివేయవలెను. దానికిని కాలము పట్టును. పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్. రద్దును త్వరగానే ముగించును గాని, చెల్లని వరుసలు చోటు ఆక్రమించుకొని యుండును. వానిని తరువాత ఊడ్చివేయవలెను. అనగా విఫలమైన ప్రశ్న కాలమును తినుటయే గాక చెత్తను కూడ మిగుల్చును.

ఇక మూడవ రకము, వేచియుండి విఫలమగుట. ఇద్దరు గుమాస్తాలు రెండు రిజిస్టర్లతో పని చేయుచున్నారనుకొందము. మొదటివాని చేతిలో ఫీజుల పుస్తకమున్నది. వానికి మార్కుల పుస్తకము కావలెను. రెండవవాని చేతిలో మార్కుల పుస్తకమున్నది. వానికి ఫీజుల పుస్తకము కావలెను. తన చేతిలోనిది ఇద్దరిలో ఎవరును వదలరు. ఇట్టి స్థితిని డెడ్‌లాక్ అందురు. పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్. మామూలు అమరికలో, తాళము కొరకు ఒక సెకండు వేచియున్న పిమ్మట డెడ్‌లాక్ ఏర్పడినదేమో పరీక్షించును. అట్లు తేలినచో ఒకరి పనిని రద్దుచేయును. అందుచేత అక్కడ డెడ్‌లాక్ తప్పు తరచుగా ఒక సెకండుకు కొంచెము మించిన కాలములో కనబడును. ఇన్నోడీబీలో మరియొక ఏర్పాటున్నది. ఒక వరుసపై మరియొకరు తాళము వేసి యుంచినచో మామూలు అమరికలో 50 సెకండుల వరకు వేచియుండి, తరువాత 1205వ సంఖ్య గల తప్పును చూపును. తప్పుతో పాటు "50 సెకండులు" అని కూడ కనబడినచో, ప్రశ్నలో దోషము లేదనియు, ఎవరో తాళము వేసి మరచినారనియు అనుభవజ్ఞుడు వెంటనే ఊహించును.

నాలుగవ రకము గడువు ముగిసి విఫలమగుట. ఏ ప్రశ్నయు ఇంత సేపటికి మించి నడువరాదని సర్వరుకు ముందుగా చెప్పి యుంచవచ్చును. గడువు 30 సెకండులైనచో అట్టి వైఫల్యములన్నియు సుమారు 30 సెకండుల వద్దనే గుంపుగా కనబడును.

ఇప్పుడు "తప్పు" అను ఒక్క మాటకును, "తప్పు, 2 మిల్లీ సెకండులు", "తప్పు, 50 సెకండులు", "తప్పు, 8 నిమిషములు" అను మాటలకును గల భేదము తేటపడును. మొదటి దానికి ప్రశ్నను దిద్దుకొనవలెను. రెండవ దానికి తాళము వేసినవానిని వెదకవలెను. మూడవ దానికి పట్టికలోని సమాచారమును శోధింపవలెను.

సగటు చేయు మోసము

విఫలమైన ప్రశ్నల కాలమును విడిచిపెట్టుట వలన మరియొక ప్రమాదమున్నది. ఇది గణితమునకు సంబంధించినది; తరగతిలో లెక్కగా ఇవ్వదగినది.

ఒక డేటాబేస్‌కు పది ప్రశ్నలు పంపినాము. వానికి పట్టిన కాలము సెకండులలో 1, 1, 2, 2, 2, 3, 3, 4, 20, 22. మొత్తము 60, సగటు 6 సెకండులు. ఇంత ఆలస్యము తగదని తలచి, ఐదు సెకండులకు మించిన ప్రశ్నను రద్దుచేయునట్లు గడువు పెట్టినాము. ఇప్పుడు మొదటి ఎనిమిది ప్రశ్నలు యథాప్రకారము జవాబు తెచ్చును. చివరి రెండును 5 సెకండుల వద్ద విఫలమగును. ఉపకరణము నెరవేరిన ప్రశ్నలకే కాలము చెప్పునదైనచో, మన చేతికి వచ్చు సంఖ్యలు ఎనిమిది, వాని మొత్తము 18, సగటు 2.25 సెకండులు. ఆరు నుండి రెండుంబాతికకు దిగినది! డేటాబేస్ వేగము రెండు రెట్లకు పైగా పెరిగినదని నివేదిక వ్రాయవచ్చును. కాని జరిగినదేమి? ఇంతకు మునుపు ఆలస్యముగానైన జవాబు పొందిన ఇద్దరకు ఇప్పుడు జవాబే లేదు. పరీక్షలో తప్పిన విద్యార్థుల మార్కులను తీసివేసి తరగతి సగటు కట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే.

విఫలమైన వాని కాలము కూడ చేతనున్నచో లెక్క వేరుగా నుండును. ఖర్చయిన మొత్తము కాలము 18, 10 కలిసి 28 సెకండులు. వచ్చిన జవాబులు ఎనిమిది. ఒక్కొక్క జవాబుకు పడిన ఖర్చు 3.5 సెకండులు, పదింట రెండు వైఫల్యములు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసినప్పుడే పరిస్థితి తెలియును.

ఐతే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నెరవేరినవి, విఫలమైనవి అన్నిటిని ఒక్క రాశిగా పోసి సగటు కట్టుట కూడ తప్పే. అక్షర దోషముల వలన క్షణములో విఫలమైన ప్రశ్నలు తొంబది యున్నచో, వాని కాలము దాదాపు సున్న; అవి సగటును కిందికి లాగివేయును. కావున విఫలమైన వాని కాలమును చెప్పవలెను, కాని వేరొక వరుసలో వ్రాయవలెను.

నేటి ఉపకరణముల తీరు

పి.ఎస్.క్యు.ఎల్.లో కాలము చూపుట మొదట ఆగి యుండును. టైమింగ్ అను ఆజ్ఞతో దానిని తెరచినచో, ప్రతి ప్రశ్న క్రిందను కాలమును మిల్లీ సెకండులలో చూపును. సెకండుకు మించినచో నిమిషములు, సెకండుల రూపమున కూడ చూపును. నేటి రూపములలో ఇది తప్పు వచ్చిన ప్రశ్న క్రింద కూడ కాలమును అచ్చువేయును. ఎస్.క్యు.ఎల్.లైట్ ఉపకరణములో టైమర్ అను ఆజ్ఞ యున్నది. అదియు జవాబు వచ్చినను రాకున్నను కాలమును చూపును. మై ఎస్.క్యు.ఎల్. ఉపకరణము నెరవేరిన ప్రశ్న చివర సెకండులను తనంతట తానే చూపును. కాని చిరకాలముగా వాడుకలో నున్న దాని రూపములలో తప్పు వచ్చినచో తప్పు సంఖ్యయు, వాక్యమును మాత్రమే కనబడును, కాలము కనబడదు.

ఉపకరణము చెప్పకున్నను సర్వరు తన చిట్టాలో వ్రాసికొని యుండును గదా యని పాఠకులకు తోచవచ్చును. ఇది సమంజసమైన సందేహమే. కాని పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్. సర్వరు చిట్టాలో కాలమును వ్రాయు అమరిక పూర్తియైన ప్రశ్నలకే వర్తించును. విఫలమైన దానికి తప్పును, ప్రశ్నను వ్రాయును గాని పట్టిన కాలమును వ్రాయదు. ప్రశ్నల గణాంకములను కూర్చు దాని అనుబంధ భాగము కూడ విఫలమైన ప్రశ్నలను లెక్కకు తీసికొనదు. కావున ప్రశ్న పంపినవాని వద్ద నున్న గడియారమే తరచుగా ఏకైక సాక్షి.

ఉపకరణము సహకరింపనప్పుడు ఒక ఉపాయమున్నది. యూనిక్స్, లైనక్స్ వ్యవస్థలలో టైమ్ అను ఆజ్ఞ గలదు. దాని వెనుక మరియొక ఆజ్ఞను వ్రాసినచో, అది నెరవేరినను విఫలమైనను మొదలు నుండి చివర వరకు పట్టిన కాలమును చెప్పును. ఉపకరణము తెరచుకొనుటకు, సర్వరుతో సంబంధము కలుపుకొనుటకు పట్టిన కాలము కూడ అందులో కలియునని మాత్రము గుర్తుంచుకొనవలెను.

సంఖ్యను చదువుటలో జాగ్రత్తలు

మొదటిది. ఉపకరణము చూపు కాలము సర్వరు పనిచేసిన కాలము మాత్రమే కాదు. ప్రశ్న తీగల వెంట పోవుటకు, తాళముల కొరకు వేచియుండుటకు, జవాబు తిరిగి వచ్చుటకు పట్టిన కాలము కూడ అందులో నుండును. ప్రశ్న పంపినవాడు వేచియున్న కాలమది.

రెండవది గడియారమును గూర్చి. కంప్యూటరులోని మామూలు గడియారమును అప్పుడప్పుడు దిద్దుచుందురు. కొలత నడుమ ఎవరైన దానిని వెనుకకు త్రిప్పినచో ఋణ సంఖ్య రావచ్చును! అందుచేత కాలపు తేడాలను కొలుచుటకు, వెనుకకు పోకుండ ముందుకే నడచు వేరొక గడియారమును కంప్యూటరులో ఏర్పరచియున్నారు. ఉపకరణములు వ్రాయు విద్యార్థులు దానినే వాడవలెను.

మూడవది. నడుమ సంబంధము తెగిపోయినప్పుడు ఉపకరణము తాను వేచియున్న కాలమును మాత్రమే చెప్పగలదు. సర్వరు ఆ సంగతి ఎరుగక పని చేయుచునే యుండవచ్చును. ప్రశ్న నడచుచుండగా అడిగినవాడు ఇంకను ఉన్నాడా యని మధ్య మధ్య విచారించు అమరికను పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్.లో 2021లో వెలువడిన 14వ రూపమున చేర్చిరి. దానిని కావలెనని తెరచుకొనవలసి యుండును. కావున "సంబంధము తెగినది, 40 సెకండులు" అని కనబడినచో పని 40 సెకండులతో ముగిసినదని అనుకొనరాదు.

నాలుగవది. పి.ఎస్.క్యు.ఎల్. తప్పును ఒక దారి వెంట, కాలమును మామూలు జవాబుల దారి వెంట పంపును. జవాబులను ఒక ఫైలులోనికి మళ్ళించినచో కాలము ఫైలులోనికి పోవును, తప్పు తెరమీదనే నిలుచును. రెండును ఒక్కచోట కావలెనన్న రెండు దారులను కలిపి మళ్ళింపవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పోస్ట్‌గ్రెస్ క్యు.ఎల్. ఉన్న ఏ కంప్యూటరు మీదనైనను ఈ ప్రయోగము చేయవచ్చును. టైమింగ్‌ను తెరచి, మొదట సెలెక్ట్ అను మాటలో ఒక అక్షరము మార్చి పంపుడు. తప్పును, దాని క్రింద అతి స్వల్పమైన కాలమును కనబడును. తరువాత స్టేట్‌మెంట్ టైమవుట్ అను గడువును 2 సెకండులుగా అమర్చి, పి.జి. స్లీప్ అను ప్రమేయముతో సర్వరును 5 సెకండులు నిద్రింపుమని కోరుడు. గడువు ముగిసినందున ఆజ్ఞ రద్దైనదని తప్పు వచ్చును. దాని క్రింద 2000 మిల్లీ సెకండులకు కొంచెము మించిన సంఖ్య యుండును. మూడవసారి గడువు తీసివేసి, నిద్ర నడుచుచుండగా కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కుడు. మీరెప్పుడు నొక్కితిరో ఆ కాలమే కనబడును. మూడును విఫలములే, మూడింటి కాలములును వేరు. ఆ సంఖ్యలను బల్లమీద వ్రాసి, తప్పు వాక్యములను చెప్పకుండ, ఏది ఏ కారణమున విఫలమైనదో విద్యార్థులనే చెప్పుమనవచ్చును.

కంప్యూటర్లు లేని పాఠశాలలోను ఈ భావమును బోధింపవచ్చును. భౌతిక, రసాయన శాస్త్రముల ప్రయోగములలో ఫలితము రానప్పుడు విద్యార్థులు సాధారణముగా ఆ పుటను చింపివేయుదురు. చింపవద్దని చెప్పవలెను. ఏ సమయమున మొదలు పెట్టినది, ఎంత సేపటికి ఏ దశలో చెడినది వ్రాసి యుంచినచో, రెండవసారి ఆ దశ నుండియే జాగ్రత్తపడవచ్చును.

మా ప్రయోగశాల రికార్డులో ఇప్పుడు "పట్టిన కాలము" అను గడి ప్రతి ప్రశ్నకును నిండుచున్నది. జవాబు వచ్చినదా రాలేదా అనునది దాని ప్రక్క గడిలో నుండును. గంట ముగిసినప్పుడు ఎవరి పేరనైన తప్పులే కనబడినచో, మందలించుటకు ముందు నేను ఆ గడిని చూచుచున్నాను.